పాత బండికి కొత్త చక్రాలు వేయించే ముందు వెనక సీటు గుర్తుపెట్టుకోండి

సుబేదారిలో అదాలత్ దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడి చూస్తే, కొత్త బళ్ల మధ్యలో ఏపీ-36 నంబరు ప్లేటుతో పాత బళ్లు ఇంకా తిరుగుతూ కనిపిస్తాయి. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100, అదే ఏడాది వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో మొదలైన స్ప్లెండర్, వాటికన్నా ముందునుంచీ ఉన్న బుల్లెట్, యెజ్డీ. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా మన పిల్లలకు దాని మీద మోజు తగ్గలేదు. అబ్బా నడిపిన బండో, చాచా షెడ్డులో మూలన పడేసిన బండో బయటికి తీసి బాగు చేయించుకుంటున్నారు. ఇది మంచి పనే. కొత్త బండి అప్పు చేసి కొనే బదులు ఇంట్లో ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం తెలివైన ఆలోచన.

చిక్కు వచ్చేది ఆ తర్వాత. ఇంజన్ పని, రంగు పని అయ్యాక పిల్లవాడు అడిగే మాట ఒకటుంటుంది: "అబ్బా, చక్రాలు కూడా మార్చేద్దాం. వెనక వెడల్పు టైరు వేద్దాం, అల్లాయ్ పెడదాం, మడ్‌గార్డు కట్ చేద్దాం." ఫోన్‌లో ఫొటో చూపిస్తాడు. బాగానే ఉంటుంది. కానీ ఆ ఫొటోలో వెనక సీటు మీద ఎవరూ కూర్చుని ఉండరు. మన ఇంట్లో మాత్రం కూర్చుంటారు. అమ్మీ ఆసుపత్రికి, చెల్లెలు కాలేజీకి, బీవీ పుట్టింటికి వెళ్లేది ఆ సీటు మీదే. అందుకే చక్రం, టైరు మార్చే విషయాన్ని పిల్లవాడి సరదాగా వదిలేయకుండా ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు, ఎందుకు అన్నది వరసగా చూద్దాం.

ముందు కాగితాలు, తర్వాతే పానాలు

బండి విప్పే ముందు ఆర్సీ తీసి చూడండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఉదాహరణకు 1996లో రిజిస్టర్ అయిన బండికి 2011లో, 2016లో, 2021లో, మళ్లీ 2026లో ఈ పని ఉంటుంది. గడువు ముగిసే ముందు 60 రోజుల్లోపు ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడు బండిని రవాణా శాఖ అధికారికి చూపించాలి. మీరు వేయించిన చక్రాలు ఆయన కంట కూడా పడతాయన్నమాట.

రెండోది పేరు. చాలా ఇళ్లల్లో బండి ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే నడుస్తోంది. యజమాని చనిపోతే బండి ఎవరి చేతికి వచ్చిందో వారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31తో తమ పేరుకు మార్పించుకోవాలి. గడువు దాటిపోయిందని వదిలేయకండి, ఆలస్యానికి కట్టాల్సింది కట్టి ఇప్పుడైనా చేయించుకోవాలి. మరో మాట, తండ్రి వదిలి వెళ్లిన బండి కూడా తర్కాలో భాగమే. అందులో అమ్మీకి, అక్కచెల్లెళ్లకు కూడా హక్కు ఉంది. పెద్దకొడుకు నడుపుతున్నాడు కదా అని అది అతనిది అయిపోదు. పేరు మార్పిడికి మిగతా వారసుల అంగీకారం ఎలాగూ అడుగుతారు. డబ్బులు పోసి బాగు చేయించాక పంచాయితీ పెట్టుకోవడం కంటే ముందే మాట్లాడుకుని సంతకాలు తీసుకోవడం మేలు.

ఉన్న చక్రం నిజంగా పాడైందా?

కొత్త చక్రం కొనే ముందు పాతదాన్ని పరీక్షించండి. బండిని డబుల్ స్టాండ్ వేసి చక్రాన్ని తిప్పండి. రిమ్ము పక్కన ఒక సుద్దముక్క కదలకుండా పట్టుకుంటే, రిమ్ము అవుట్ ఉన్నచోట గీత పడుతుంది. తర్వాత చువ్వలను ఒక్కొక్కటిగా చిన్న స్పానర్‌తో తట్టండి. బిగుతుగా ఉన్న చువ్వ ఖంగుమంటుంది, వదులైనది డబ్బున మోగుతుంది. ఇక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. కదిలితే బేరింగ్ పోయినట్టు. వెనక చక్రం ఊగితే స్వింగ్ ఆర్మ్ బుష్ కూడా చూడాలి.

చాలాసార్లు తేలేదేమిటంటే రిమ్ము పనికొస్తుంది, చువ్వలు, బేరింగులు మార్చి అవుట్ తీస్తే సరిపోతుంది. రిమ్ము లోపలివైపు, చువ్వలు బిగించే నిపుల్స్ దగ్గర తుప్పు తినేసి ఉంటే మాత్రం మార్చక తప్పదు. అప్పుడు కూడా పాత హబ్బునే ఉంచి దాని మీద కొత్త రిమ్ము అల్లించడం అన్నిటికన్నా మంచి దారి. బ్రేకు, ఇరుసు, స్పీడోమీటర్ కేబుల్, చైన్ లైను, అన్నీ కంపెనీ పెట్టినచోటే ఉంటాయి. రిమ్ము కొనేటప్పుడు రంధ్రాలు లెక్కపెట్టుకోండి. చాలా బళ్లకు 36 చువ్వలు, పాత బుల్లెట్‌కు 40 ఉంటాయి. చక్రం అల్లే పని వచ్చిన ఉస్తాదులు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర నేర్చుకునే షాగిర్దులే తగ్గిపోతున్నారు.

టైరు మీద ఏం రాసి ఉంది?

టైరు పక్కన ఉండే అంకెలు చదవడం వస్తే సగం మోసాలు తప్పుతాయి. 2.75-18 అంటే టైరు వెడల్పు 2.75 అంగుళాలు, అది కూర్చునే రిమ్ము వ్యాసం 18 అంగుళాలు. 100/90-18 అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 18 అంగుళాలు. ఆ తర్వాత ఉండే అంకె ఆ టైరు మోసే బరువుకు గుర్తు. 42 అంటే 150 కిలోలు, 48 అంటే 180 కిలోలు, 56 అంటే 224 కిలోలు. చివరి అక్షరం వేగానికి గుర్తు. 'పీ' అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా.

దీని అవసరం ఎక్కడ వస్తుందో చూడండి. 2.75-18 సైజులోనే 42పీ టైరూ దొరుకుతుంది, 48పీ టైరూ దొరుకుతుంది. మొదటిది తేలికది, ముందు చక్రానికి వేసేది. రెండోది వెనక బరువు కోసం చేసింది. సైజు ఒకటే కదా, ధర తక్కువ కదా అని 42పీ టైరును వెనక వేస్తే ఏమవుతుంది? భార్యాభర్తలు, మధ్యలో బిడ్డ, చేతిలో సామాను సంచి. వెనక చక్రం మీద పడే బరువు 150 కిలోలు సులువుగా దాటిపోతుంది. టైరు మొదటిరోజే పగలదు. ఎండాకాలంలో, గాలి తక్కువున్న రోజున, కాజీపేట వైపు స్పీడు మీద పోతున్నప్పుడు దెబ్బతీస్తుంది.

ఇంకో గుర్తు కూడా వెతకండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఒక గూట్లో ఉంటాయి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైనట్టు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. షెడ్డులో పదేళ్లు పడి ఉన్న బండి టైర్లు గుండీలు అరగకుండా కొత్తగా కనిపించినా వాటిని నమ్మొద్దు. పక్కగోడ మీద సన్నని పగుళ్లు ఉంటే తీసేయాల్సిందే. తొక్కిన టైరు విషయానికొస్తే, ద్విచక్ర వాహనానికి గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. కొత్త టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

వెడల్పు టైరు వేస్తే ఏమవుతుంది?

"వెడల్పు ఉంటే గ్రిప్పు ఎక్కువ" అన్నది అందరూ చెప్పే మాట. రిమ్ము కూడా దానికి తగ్గట్టు ఉంటేనే అది నిజం. పాత వంద సీసీ బళ్ల రిమ్ము వెడల్పు 1.60 లేదా 1.85 అంగుళాలు. 120 టైరుకు అంతకన్నా చాలా వెడల్పైన రిమ్ము కావాలి. సన్న రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి, పైభాగం కోడిగుడ్డులా ఉబ్బుతుంది. నేలకు తగిలే భాగం పెరగదు, మధ్యలో గీతలా మిగులుతుంది. మూల తిప్పేటప్పుడు బండి ఒక్కసారిగా వాలిపోయినట్టు అనిపిస్తుంది. వాన పడ్డ రోడ్డు మీద ఇది ఇంకా ప్రమాదం.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 18 అంగుళాలంటే 457 మిల్లీమీటర్లు. 2.75-18 టైరు మొత్తం ఎత్తు సుమారు 597 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 120/80-18 వేస్తే ఎత్తు 649 అవుతుంది. అంటే దాదాపు 9 శాతం పెరిగింది. దాని ఫలితాలు ఇవి:

ఇరుసు 26 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. సీటు లేస్తుంది, స్టాండ్ పొట్టిదైపోతుంది. సైడ్ స్టాండ్ మీద బండి ఎక్కువ వాలి పడిపోయే వీలుంటుంది.

పికప్ తగ్గుతుంది. ఇంజన్ అదే, తిప్పాల్సిన చక్రం పెద్దది, బరువైనది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అప్పుడు పిల్లవాడు చైన్ సెట్ మార్చుదామంటాడు. ఖర్చు గొలుసులా సాగుతుంది.

బ్రేకు బలం తగ్గుతుంది. డ్రమ్ అదే, చక్రం పెద్దది. అంతే గట్టిగా తొక్కినా నేల దగ్గర పట్టు ఎనిమిది శాతం తక్కువ. వెనక మనిషి కూర్చున్నప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

టైరు చైన్‌కో, స్వింగ్ ఆర్మ్‌కో, మడ్‌గార్డుకో రాసుకుంటుంది. ఖాళీ బండి నిలబెట్టి చూసినప్పుడు సందు కనిపిస్తుంది. ఇద్దరు కూర్చుని గుంతలో పడ్డప్పుడు ఆ సందు మూసుకుపోతుంది.

చాలా పాత బళ్లకు స్పీడోమీటర్ ముందు చక్రం నుంచే పనిచేస్తుంది. ముందు చక్రాన్ని ఇదే నిష్పత్తిలో పెంచితే మీటరు 60 చూపించేటప్పుడు బండి నిజంగా 65లో పోతూ ఉంటుంది.

కొందరు 18 తీసేసి 17 అంగుళాల చక్రం వేస్తారు. అక్కడా లెక్క ఉంది. 17 అంగుళాల రిమ్ము మీద 100/80 టైరు మొత్తం ఎత్తు సుమారు 592 మిల్లీమీటర్లు, అంటే పాత ఎత్తుకు దగ్గరే. అదే రిమ్ము మీద 100/90 అయితే 612. ఒక్క అంకె తేడాతో ఇంత మార్పు. కాబట్టి "ఇది ఎక్కుతుంది" అన్న మాట చాలదు. ఎక్కడం వేరు, సరిపోవడం వేరు.

అల్లాయ్, ట్యూబ్‌లెస్ సంగతి

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి నెమ్మదిగా పోతుంది, బండి పక్కకు తీసుకునే సమయం దొరుకుతుంది. రాత్రిపూట కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇది పెద్ద లాభమే. కానీ మామూలు చువ్వల రిమ్ములో ప్రతి నిపుల్ దగ్గరా రంధ్రం ఉంటుంది, అక్కడినుంచి గాలి పోతుంది. అందుకని చువ్వల చక్రానికి ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబ్ పెట్టక తప్పదు. ట్యూబ్ పెట్టాక అది ట్యూబ్ టైరే. ఎక్కువ డబ్బు పెట్టి అదే పంక్చర్ కొనుక్కున్నట్టు.

అల్లాయ్ వేయించాలంటే వేరే బండి చక్రం తెచ్చి ఇరికించడం మన దగ్గర మామూలైపోయింది. ఇరుసు మందం కలవకపోతే లేత్ మీద బుష్ తిప్పించి సర్దుతారు. డ్రమ్ కలవకపోతే ప్లేటు మారుస్తారు. ముందు, వెనక చక్రాలు ఒకే గీత మీద లేకపోతే బండి ఎప్పుడూ ఒక పక్కకు లాగుతుంది, చైన్ వంకరగా తిరిగి తెగిపోవచ్చు. పని అయ్యాక రెండు చక్రాల పక్కన పొడుగు దారం లాగి పట్టించి చూడండి. బ్రేకు ప్లేటును పట్టి ఉంచే రాడ్డు సరిగ్గా బిగించారో లేదో కళ్లారా చూడండి. అది ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరిగి చక్రం బిగుసుకుపోతుంది. పాత సామాన్ల దుకాణంలో దొరికే అల్లాయ్‌కు వెల్డింగు అతుకు కనిపిస్తే, ఎంత చవకైనా తీసుకోకండి.

బుర్ఖా, చున్నీ, చీర

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. బండి అందం కోసం మొదట పీకేసేది వెనక చక్రం పక్కనుండే చీర గార్డు. తర్వాత చైన్ కవరు. ఆ తర్వాత మడ్‌గార్డును సగానికి కోస్తారు. వెడల్పు టైరు వేస్తే ఇవి ఎలాగూ అడ్డం వస్తాయి కాబట్టి అన్నీ ఒకేసారి పోతాయి.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన దీని గురించే. మోటారు సైకిల్‌కు వెనక కూర్చునేవారు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని అది చెబుతోంది. ఇది పోలీసులకు చూపించడానికి పెట్టిన రూలు కాదు. బుర్ఖా అంచు, చున్నీ కొన, చీర కొంగు చువ్వల్లోనో చైన్‌లోనో పడితే చక్రం దాన్ని రెప్పపాటులో చుట్టేస్తుంది. బట్టతోపాటు మనిషిని లాగేస్తుంది. చున్నీ మెడ చుట్టూ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నడిపేవాడికి వెనక ఏం జరిగిందో తెలిసేలోపే అంతా అయిపోతుంది.

చీర గార్డు సాధారణంగా ఎడమ పక్కనే ఉంటుంది. ఒక పక్కకు కూర్చునే ఆడవాళ్ల కోసం పెట్టింది అది. బుర్ఖాతో రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చునేవారికి రెండో పక్క కూడా ప్రమాదమే. కాబట్టి చైన్ కవరు, మడ్‌గార్డు, గార్డు మూడూ ఉంచండి. ఉన్నవి తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయించండి. బయలుదేరే ముందు చున్నీ కొనలు ముడి వేసి ఒళ్లో పెట్టుకోవడం, బుర్ఖా అంచు కాలి కింద సర్దుకోవడం ఇంట్లో అందరికీ అలవాటు చేయించండి. ఏ టైరు వేయాలన్నా ముందు అడగాల్సింది ఒకటే: ఈ గార్డులు తీయకుండా ఇది పడుతుందా? పట్టదంటే ఆ టైరు మన బండికి కాదు.

చట్టం ఏమంటోంది

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసు ఒకదానిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయిస్తే యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించండి. చక్రాలు ఒకటి, సైలెన్సర్ ఒకటి, హ్యాండిల్ ఒకటి.

జరిమానా కట్టి బయటపడొచ్చు అనుకుంటారేమో. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగులుతుంది. కంపెనీకి చెప్పకుండా బండి మారిస్తే, ప్రమాదం జరిగినరోజు వాళ్లు మొదట అడిగేది దాని గురించే. క్లెయిము ఆగిపోతే ఆసుపత్రి బిల్లు, అవతలివాళ్ల నష్టపరిహారం కోసం ఇల్లు కదిలిపోతుంది.

50 ఏళ్లు దాటిన బళ్లు ఉన్నవారికి ఇంకో మాట. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటివాటిని వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. వాటిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. తాతల నాటి జావాకు ఇష్టమొచ్చినట్టు కోతలు కోస్తే ఈ అవకాశం పోతుంది.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

చేతిలో ఉన్న డబ్బు కొంతే అయితే ఇలా ఖర్చు పెట్టండి. మొదట బ్రేకులు: షూలు, కేబుళ్లు, డ్రమ్ పని. రెండోది చక్రాల బేరింగులు, చువ్వలు. మూడోది కంపెనీ చెప్పిన సైజులో, సరైన బరువు గుర్తుతో కొత్త టైర్లు, కొత్త ట్యూబులు, రిమ్ టేపు. నాలుగోది లైట్లు, వైరింగు. ఐదోది ఇంజన్. రంగు, స్టిక్కర్లు ఆఖరున. మన పిల్లలు దీన్ని కిందనుంచి పైకి చేస్తారు, అక్కడే తంటా.

ఉస్తాద్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగు అడగండి. ఈ టైరు బరువు గుర్తు ఎంత? ఏ సంవత్సరం తయారీ? ఈ రిమ్ము వెడల్పుకు ఈ టైరు సరిపోతుందని కంపెనీ పట్టికలో ఉందా? ఇద్దరం కూర్చుంటే ఎక్కడైనా రాసుకుంటుందా? నాలుగోదానికి మాటతో జవాబు తీసుకోవద్దు. అక్కడే ఇద్దరు కూర్చుని, బండిని గట్టిగా కిందికి నొక్కి చూడండి. కొత్త టైరు మొదటి వంద కిలోమీటర్లు జారుడుగా ఉంటుంది, నిదానంగా నడపండి. గాలి బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ ఒత్తిడి, బండి పుస్తకంలో ఉన్నదే పట్టించాల్సింది.

పిల్లవాడి ముచ్చట కాదనొద్దు. కంపెనీ సైజులోనే మెరిసే కొత్త రిమ్ములు, స్టీల్ చువ్వలు, మంచి గాడి ఉన్న టైర్లు, పాత రంగులో ట్యాంకు వేయిస్తే బండి అంతకన్నా అందంగా ఉంటుంది. తెలిసినవాళ్లు అలాంటి బండినే ఎక్కువ ధర పెట్టి అడుగుతారు. పని పూర్తయ్యాక మొదటిసారి బయటికి తీసేటప్పుడు అమ్మీనో, చెల్లెలినో వెనక కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా నెమ్మదిగా వెళ్లి రండి. సీటు ఎత్తు, ఫుట్‌రెస్ట్, గార్డు, బ్రేకు ఎలా ఉన్నాయో వాళ్లనే అడగండి. వాళ్లు భయం లేకుండా కూర్చోగలిగితే బండి బాగుపడినట్టే.